ఎండలు ముదరకముందే మాంసం విషయంలో సర్దుకోవాల్సినవి

మార్చి సగం దాటిందంటే మా ఇంట్లో ఆదివారం పద్ధతి మారిపోతుంది. మటన్‌కి పదింటికి కాదు, ఏడింటికే బయల్దేరతాను. పదకొండు అయ్యేసరికి కొట్టు ముందు వేలాడుతున్న తొడ మీద ఎండ పడుతూ ఉంటుంది. దాన్ని కొట్టించుకుని, స్కూటర్ డిక్కీలో పెట్టి, దారిలో కొత్తిమీర, పెరుగు ప్యాకెట్టు తీసుకుని, ఎవరో కనబడితే రెండు మాటలు మాట్లాడి ఇంటికొచ్చేసరికి గంటన్నర. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టేసి ఇక ఫర్వాలేదు అనుకుంటాం. నేను చూసినంతలో మాంసం పాడయ్యేది ఎక్కువగా ఫ్రిజ్‌లో కాదు. ఫ్రిజ్‌లోకి వెళ్లేముందు, పొయ్యి మీద నుంచి దించిన తర్వాత.

మాంసం మీది బ్యాక్టీరియాకి 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడి అంటే పండగే. అనుకూలంగా ఉంటే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతాయి. అందుకే పచ్చిదైనా వండినదైనా బయట 2 గంటలకు మించి ఉంచకూడదంటారు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఆ గడువు 1 గంటే. మే నెలలో మన వంటగది రాత్రి తొమ్మిదింటికి కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది కాబట్టి, ఎండాకాలం మొత్తానికి గంట లెక్కే పెట్టుకోండి. ఆ గంటలో కొట్టు నుంచి ఇంటికి వచ్చే దారి కూడా కలిసే ఉంటుంది. మిగతా సరుకులన్నీ అయ్యాక మాంసం చివర తీసుకోండి. నేనైతే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా పట్టుకెళ్తాను, పక్కనే గడ్డకట్టిన నీళ్ల బాటిల్ ఒకటి. పేపర్లో చుట్టి ఇస్తానంటే వద్దనండి, ఆ అచ్చు సిరా మాంసానికి అంటుకుంటుంది.

అప్పుడే కోసిన మటన్ ఇంకా వెచ్చగా ఉండగానే నేరుగా ఫ్రీజర్‌లోకి తోస్తే కండ బిగుసుకుపోతుంది. తర్వాత కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా నములుతూ కూర్చోవాల్సిందే. ముందు ఫ్రిజ్‌లో కింది అరలో ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఫ్రీజర్‌లోకి మార్చండి.

ఇక కడగడం. చికెన్ కడగొద్దని విదేశాల్లో గట్టిగా చెబుతారు, తుంపరల వెంట క్రిములు సింకంతా, పక్కనున్న గిన్నెలంతా పడతాయని. కారణం నిజమే. కానీ మన కొట్లలో ముక్కలకు నెత్తురు, ఎముక పొట్టు, ఒక్కోసారి ఈక కూడా అంటుకుని వస్తాయి, కడగకుండా వండమంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మధ్యేమార్గం ఒకటుంది. దాచుకునే మాంసాన్ని కడగకండి, తడి ఉంటే తొందరగా జిగటపడుతుంది. వండే ముందు మాత్రం కుళాయి కింద జోరుగా కాకుండా, గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ వెంటనే సింకు సబ్బుతో తోమండి. పసుపు, ఉప్పు రాస్తే నీచు వాసన పోతుంది గానీ క్రిములు పోతాయన్న భరోసా లేదు.

ఫ్రిజ్‌లో పచ్చి మాంసం ఎప్పుడూ కింది అరలోనే, అంచున్న పళ్లెంలోనే పెట్టాలి. పైన పెడితే కారే నీరు పెరుగు గిన్నెలోనో, కొత్తిమీర మీదో పడుతుంది. కొత్తిమీరను మనం ఉడికించం కదా, చల్లుకుంటాం. తలుపులో ఉండే అరలు అసలు వద్దు, తీసినప్పుడల్లా ముందు వేడెక్కేది అవే. లోపల 4 డిగ్రీలకు మించకుండా చూసుకోవాలి. చలికాలంలో పెట్టిన నంబరు మీదే ఫ్రిజ్ నడుస్తోందేమో ఒకసారి చూడండి. చికెన్, చేపలు, కైమా, లివర్, బోటి లాంటివి 1 రోజు, మహా అయితే 2 రోజులు. ముక్కలుగా ఉన్న మటన్ 3 రోజులు. అంతకంటే ఎక్కువ ఉంచాలంటే ఫ్రీజరే. అరకిలో చొప్పున పల్చగా పరిచి ప్యాక్ చేసి తేదీ రాయండి. మూడు కిలోలు ఒకే ముద్దగా పెడితే లోపలి భాగం గడ్డకట్టడానికి చాలాసేపు పడుతుంది, తీసేటప్పుడు సుత్తి కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐస్ బాక్స్‌ని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ అనుకుని నెలల తరబడి నమ్ముకోవద్దు. బక్రీద్ ఈమధ్య ఎండల్లోనే వస్తోంది. పక్కింటి నుంచి హిస్సా, అంటే మాంసంలో వాటా, వచ్చే ఇళ్లవాళ్లు రెండు రోజుల ముందే ఫ్రీజర్‌లో చోటు చేసి పెట్టుకోండి.

కరెంటు సంగతి అనుభవంతో చెబుతున్నాను. ఒక మే నెలలో పెళ్లికని ఊరెళ్లి మూడో రోజు వచ్చాం. ఫ్రీజర్ తీస్తే చికెన్ రాయిలా గట్టిగానే ఉంది. వండాం, తిన్నాం, అర్ధరాత్రికి ఇంట్లో నలుగురం బాత్రూం ముందు క్యూ కట్టాం. తర్వాత చూస్తే ఫ్రీజర్ అడుగున ఎర్రటి ఐస్ పలకలా పేరుకుని ఉంది. ప్యాకెట్టు కూడా ఒక పక్కకి వాలి, ట్రే గాడులు దాని మీద అచ్చు పడ్డాయి. మేం లేనప్పుడు చాలాసేపు కరెంటు పోయి, అంతా కరిగి, మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఆ పలక ముందే చూసి ఉంటే పారేసేవాళ్లం.

అప్పటి నుంచి ఊరెళ్లేముందు ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్తాను. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. అడుక్కి దిగి ఉంటే ఫ్రీజర్ ఖాళీ చేయాల్సిందే. ఇంట్లో ఉండగా కరెంటు పోతే చేయాల్సిందల్లా తలుపు తీయకపోవడం. మూసి ఉంచితే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండా ఉన్న విడి ఫ్రీజర్ 48 గంటలు, సగమే నిండి ఉంటే 24 గంటలు ఆగుతుంది. ఖాళీ ఉన్నచోట నీళ్ల బాటిళ్లు పెడితే మేలు.

గడ్డకట్టిన ప్యాకెట్టుని పొద్దున్నే గట్టు మీద పెట్టి ఆఫీసుకి వెళ్లిపోవడం చాలా ఇళ్లలో మామూలే. లోపల ఇంకా గడ్డగా ఉండగానే పైపొర గంటల తరబడి వేడిలో ఉండిపోతుంది. ముందురోజు రాత్రే కింది అరలోకి దించండి. మర్చిపోతే నీరు చొరబడని కవర్లో వేసి చల్లనీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. కరగ్గానే వండేయాలి.

వండిన తర్వాత మనం చేసే పెద్ద పొరపాటు గుండిగ. చుట్టాలొస్తారని నాలుగు కిలోలు వండి, మిగిలింది అలాగే మూతపెట్టి పొయ్యి మీదే వదిలేస్తాం. ఉడికించినా చావని కొన్ని క్రిముల బీజాలు, ఆ లోతైన గిన్నె గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మళ్లీ మొలకెత్తుతాయి. కొన్ని క్రిములు వదిలే విషం మర్నాడు కుతకుతా మరిగించినా పోదు. కాబట్టి తినడం అవ్వగానే కూరని రెండు మూడు వెడల్పాటి గిన్నెల్లోకి పల్చగా తీసి, పొగలు తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పూర్తిగా చల్లారాలని చూడక్కర్లేదు. బిర్యానీ కూడా అంతే, అందులో మాంసం కంటే అన్నమే ముందు మోసం చేస్తుంది. 3 రోజుల్లో తినేయాలి, తినేంతే తీసి పొగలు కక్కేలా వేడిచేయాలి.

నిన్నటి చేపల పులుసు రుచి మాటేమిటి అంటారు. నిజమే, దాని ముందు ఏదీ నిలవదు. చింతపండు పులుపు, ఉప్పు కొంత కాపలా కాస్తాయి కాబట్టి అమ్మమ్మలు మట్టి దాకలో ఉట్టి మీద పెట్టగలిగారు. ఆ ధైర్యాన్ని కొబ్బరి, జీడిపప్పు వేసిన కుర్మాకి అంటగట్టకండి. పులుసు కూడా ఫ్రిజ్‌లో ఊరినా అంతే రుచిగా ఉంటుంది.

వాసన చూసి తేల్చేస్తామనే వాళ్లతో నాకు పేచీ. జిగట, పుల్లటి వాసన వస్తే పారేయాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ జబ్బు చేసే క్రిములు చాలాసార్లు వాసన మార్చవు. కిలో ఎనిమిది, తొమ్మిది వందలు పోసి కొన్నది పారేయాలంటే ప్రాణం ఒప్పదు, తెలుసు. ఇంట్లో పసివాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే మాత్రం అనుమానం వచ్చిన గిన్నెని రుచి కూడా చూడొద్దు. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ తాగిస్తూ ఉండండి. జ్వరం, రక్తం కనబడినా, నీళ్లు కూడా నిలవకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఫ్రిజ్ మీద నమ్మకం లేనివాళ్లకి ఎండలే పనికొచ్చే దారి ఒకటి ఉంది. తెలంగాణలో ఒట్టి తునకలు, సీమలో ఉప్పుకండ. కొవ్వు తీసేసిన మటన్‌ని పొడవాటి సన్నని పీలికలుగా కోసి, ఉప్పు, పసుపు బాగా పట్టించి దండెం మీద వేలాడదీస్తారు. మంచి పొడి ఎండ ఉన్న రోజుల్లోనే మొదలుపెట్టండి, సాయంత్రం లోపలికి తెచ్చి ఈగలు వాలకుండా పల్చటి బట్ట కప్పండి. పీలికని వంచితే సాగకుండా పుటుక్కున విరగాలి. మధ్యలో మెత్తగా ఉంటే ఇంకో ఎండ కావాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉక్కపోతకి ఇది సరిగా ఎండదు. వానలు మొదలయ్యాక డబ్బా తీసి చూస్తూ ఉండండి, తెల్లగా బూజు కనబడితే దులిపి వండుకునే పని పెట్టుకోవద్దు.