బాయిలో వంతు కొనాలంటే అప్పు ఎట్లా తేవాలి

మాది పెనుమూరు మండలం. రెండెకరాల ఇరవై సెంట్ల మెట్ట చేను, వానొస్తే శనక్కాయలు, రాకపోతే బీడు. పక్క చేనాయన వెయ్యి అడుగులు బోరు దించితే దుమ్ము లేచింది, లక్షలు పోయినాయి. అది చూసినాక మా ఇంటాయన బోరు మాట ఎత్తలేదు. దగ్గర్లో ఒక పాత ఊటబాయి ఉంది, నలుగురు వంతుదార్లు. అందులో ఒకాయన బెంగుళూరు చేరుకుని నాలుగో వంతు అమ్ముతానన్నాడు. ధర 3,60,000. ఆ లెక్కలన్నీ నేనే చూసినాను కాబట్టి రాస్తున్నా.

మా అక్క కొడుకు అమెరికాలో కొలరాడోలో ఉంటాడు. అక్కడ భూమితో పని లేకుండా నీళ్ళ హక్కునే అమ్ముకుంటారంట. ఎవరు ముందు వాడుకున్నారో ఆ తేదీని బట్టి హక్కు; కరువొస్తే పాత తేదీ వాళ్ళకే ముందు నీళ్ళు. దాన్ని తాకట్టు పెడితే అప్పు కూడా పుడుతుందంట. మన దగ్గర వట్టి నీళ్ళను చూసి బ్యాంకు రూపాయి ఇయ్యదు. భూమికి ఇస్తుంది, పైపులకు ఇస్తుంది, బంగారానికి ఇస్తుంది. కొనే తీరును కూడా దానికి తగినట్టే మలుచుకోవాల.

డబ్బు సంగతికి ముందు బాయి సంగతి. కార్తీకంలో ఎవరు చూపించినా పోవద్దండి. 2021 నవంబరు వానలకు మా వైపు ఎండిన బాయిలు కూడా నిండి, వంతుల ధరలు ఎగిరినాయి. మే నెలలో చూడండి. మేము 5 హెచ్‌పీ మోటారు వేయించి, గట్టు మీద వేపచెట్టు కింద కూర్చున్నాం. మూడు గంటలకు అడుగు కనిపించింది. మళ్ళీ ఊరడానికి తెల్లవార్లూ పట్టింది. అంటే దినానికి మూడు గంటల నీళ్ళు, నాలుగు రోజులకొకసారి మా వంతు. వరికి చాలవు, డ్రిప్పుతో కూరగాయలకు చాలు. ధర బేరం ఆ లెక్క మీద ఆడినాం. 4,50,000 అన్న మనిషి దిగొచ్చింది అప్పుడే.

ఇంకోటి అడగాల: నీళ్ళు తగ్గినప్పుడు ముందు తడి ఎవరిది? మా బాయిలో తవ్వినోళ్ళ వంతులు రెండే, తర్వాత కొన్నోళ్ళవి రెండు. ఎండాకాలం తవ్వినోళ్ళే ముందు మడవ తిప్పుకుంటారు. మేము కొన్నది తవ్వినోళ్ళ వంతే, కానీ ఆ వరుస మాకు కూడా వస్తుందని మిగతా ముగ్గురితో ఒప్పందం కాగితం రాయించి సంతకాలు తీసుకున్నాం. ఇట్లాంటివన్నీ ముందే అడగక, అంతకుముందు ఇంకో బాయి దగ్గర బయానా 20,000 పోగొట్టుకున్నాం. అక్కడ అమ్ముతానన్నాయన తన అన్నదమ్ములకు చెప్పనేలేదు, కరెంటు సర్వీసు చనిపోయిన వాళ్ళ నాయన పేరు మీదే ఉంది.

దస్తావేజులో నిధి, నిక్షేప, జల, పాషాణ అని రాసేస్తారు కదా, జలమని ఉంది కదా అని నమ్మి ఊరుకోకండి. అది మీరు కొనే నేలలోని జలం. పక్క సర్వే నంబరులో ఉండే బాయిది కాదు. బాయి ఏ సర్వే నంబరులో ఉంది, బాయిలోనూ బాయి స్థలంలోనూ ఎన్నో వంతు, మోటారు షెడ్డు, సర్వీసు, కాలువ పారే దారి ఎన్ని అడుగుల వెడల్పు, అన్నీ విడివిడిగా రాయించాల. మేము కాలువ దారికని నాలుగు సెంట్లు కూడా అందులోనే కలిపి కొన్నాం. 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీసినాం, అడంగల్‌లో, అంటే ఊరి భూముల లెక్కలో, నీటి ఆధారం దగ్గర బాయి అని ఉందా చూసినాం, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ జాబితాలో లేదని తెలుసుకున్నాం. ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూమి అయితే మాటలే వద్దు, అమ్మకాలకు అడ్డంగా 1977 చట్టం ఉంది.

ఇప్పుడు డబ్బు. వంతు 3,60,000, రిజిస్ట్రేషన్ ఖర్చు నూటికి ఏడున్నర లెక్కన 27,000, పైపులైనుకు 60,000. మొత్తం 4,47,000. మూడేళ్లు దాచిన మామిడి డబ్బు 1,20,000 ఉంది. ఒక పాడావును అమ్మితే రిజిస్ట్రేషన్ ఖర్చు సరిగ్గా వచ్చింది. (ఆ ఆవు పోయినందుకు మా అత్త ఇప్పటికీ మాట్లాడుతుంది.) నా గాజులు నాలుగు, హారం బ్యాంకులో పెట్టి 1,50,000 తెచ్చినాం, వడ్డీ నూటికి తొమ్మిది. డ్వాక్రా సంఘంలో నా వంతు అప్పు 50,000. మిగిలిన లక్షకు అమ్మినాయనకే ప్రాంసరీ నోటు రాసిచ్చినాం, ఏడాది వడ్డీ లేదు, తర్వాత రూపాయి వడ్డీ. నోటుకు మూడేళ్లే కాలం, ఆ లోపల తీర్చి నోటు వెనక్కి తీసుకోవాల.

ఊర్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నోళ్ళు ఇద్దరు వచ్చినారు. 1,50,000కు ఏడాదికి 36,000. బంగారానికి 13,500. మధ్యలో తేడా 22,500, ఒక పంట శనక్కాయలు చేతికి మిగిల్చేది అంత కూడా ఉండదు.

కిసాన్ క్రెడిట్ కార్డు డబ్బు దీనికి వాడుకుందామని మా ఇంటాయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అది పంట పెట్టుబడికి ఇచ్చేది. గడువు లోపల కడితే 3 లక్షల దాకా నాలుగు శాతమే పడుతుంది. బాయిలో పోసేస్తే గడువుకు కట్టలేం, ఆ రాయితీ పోతుంది, విత్తనాలకు మళ్ళీ వడ్డీ వ్యాపారి గడప తొక్కాల.

తిరిగి కట్టేది దేంతో అనేది ముందే అనుకోండి. మామిడిని నమ్మొద్దు. 2025లో తోతాపురి ధర పడిపోతే కిలోకి 4 రూపాయలు ప్రభుత్వం కలపాల్సి వచ్చింది. మాకు ఇంకా రెండు ఆవులున్నాయి, పదిహేను రోజులకొకసారి పాల బిల్లు వస్తుంది. బంగారం వడ్డీ నెలకు 1,125, సంఘం కంతు, రెండూ అందులోనే పోతాయి. టమాటాలు, వంకాయలు అమ్మిన డబ్బంతా నోటు అప్పుకు. బంగారం అప్పు అసలు మీద నా చెయ్యి పడేది ఆ తర్వాతే. నా కొలత ఒకటే: కంతులన్నీ కలిపి, నీళ్ళ వల్ల అదనంగా వచ్చే రాబడిలో సగం దాటకూడదు.

డ్రిప్పుకు అప్పు చెయ్యొద్దు. చిన్న రైతుకు మైక్రో ఇరిగేషన్‌లో 90 శాతం దాకా సబ్సిడీ వస్తుంది, ముందు పేరు నమోదు చేయించండి.

రిజిస్ట్రేషన్ అయినాక కరెంటాఫీసులో సర్వీసు పేరు మార్పు, అడంగల్‌లో నమోదు అదే నెలలో పెట్టండి. మేము మూడు నెలలు ఆలస్యం చేసినాం. ఆలోగా ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఫిర్యాదు ఎవరి పేరు మీద రాయాలో తెలియక, పన్నెండు రోజులు వంకాయ మొక్కలకు బిందెలతో నీళ్ళు మోసినాం.