ఇంటి దగ్గరే ఇంగ్లిష్ – 14వ పాఠం: ప్రమాదం, దురదృష్టం, పరువు

పోయిన పాఠంలో జబ్బులు, మందుల మాటలు చూశాం. ఈసారి మాటలు పేపర్లో రోజూ కనపడేవే. చిక్కల్లా ఏమిటంటే, తెలుగులో ఒక్క మాటతో సరిపోయే చోట ఇంగ్లిష్ రెండు మూడు మాటలు వాడుతుంది. ఎక్కడ ఏ మాట పడుతుందో తెలియకే మనవాళ్ల తప్పుల్లో సగం వస్తాయి.

ముందు 'ప్రమాదం' తీసుకోండి. "తీగలు వేలాడుతున్నాయి, ప్రమాదం" అన్నా, "బైపాస్ మీద ప్రమాదం జరిగింది" అన్నా మనకు మాట ఒకటే. ఇంగ్లిష్‌లో ముంచుకు రాబోయేది డేంజర్, జరిగిపోయింది యాక్సిడెంట్. ప్రాణాపాయం తప్పిందని డాక్టరు చెప్పే మాట 'అవుట్ ఆఫ్ డేంజర్'.

'జరిగింది' అనే చోట అందరూ కాలు జారతారు. "ఎన్ యాక్సిడెంట్ వజ్ హ్యాపెన్డ్" తప్పు. హ్యాపెన్ దానంతటది జరిగే క్రియ, ఎవరో చేసేది కాదు. అందుకే దాని ముందు 'వజ్' రాదు. "ఎన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్" సరైనది. మామూలు మాటల్లో ఇంకా సహజంగా ఉండేది "దేర్ వజ్ ఎన్ యాక్సిడెంట్ నియర్ ద బస్ స్టాండ్". మనిషి పేరుతో మొదలుపెడితే "మై బ్రదర్ గాట్ యాక్సిడెంట్" అనకండి, "మై బ్రదర్ హ్యాడ్ ఎన్ యాక్సిడెంట్" అనండి. 'మెట్ విత్ ఎన్ యాక్సిడెంట్' తప్పు కాదు, మన ఇంగ్లిష్ పేపర్లలో బాగా కనిపిస్తుంది. కానీ మాట్లాడేటప్పుడు కాస్త బరువుగా వినిపిస్తుంది. 'టేక్ ప్లేస్'ను పెళ్లి, మీటింగు లాంటి ముందే అనుకున్నవాటికి ఉంచుకోండి.

'బై యాక్సిడెంట్' అంటే రోడ్డు మీది ప్రమాదం కాదు, 'పొరపాటున' అని అర్థం. మధ్యలో 'ఎన్' పెట్టకూడదు. దీనికి ఎదురుమాట 'ఆన్ పర్పస్', అంటే కావాలని.

ఇక దెబ్బలు. ప్రమాదంలో మనిషికి తగిలే దెబ్బ ఇంజ్యురీ. కత్తితోనో తుపాకీతోనో అయిన గాయం వూండ్. బండికి, గోడకి జరిగేది డ్యామేజ్. "ద కార్ వజ్ ఇంజ్యూర్డ్" అంటే నవ్వుతారు. డ్యామేజ్ చివర 'స్' చేర్చి డ్యామేజెస్ అంటే అర్థం మారిపోతుంది. అది కోర్టు ఇప్పించే నష్టపరిహారం.

వార్తలు చదివేవాళ్లు క్యాజువాల్టీ దగ్గర జాగ్రత్త పడాలి. "ట్వెంటీ క్యాజువాల్టీస్" అంటే 20 మంది చనిపోయారని కాదు. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు అందరూ కలిసి 20 మంది. చావులు మాత్రమే చెప్పే మాట ఫెటాలిటీ. ఆస్పత్రిలో క్యాజువాల్టీ వార్డుకు దెబ్బలు తగిలినవాళ్లను తీసుకెళ్తారని గుర్తుంచుకుంటే ఈ తేడా మరిచిపోరు.

పరిమాణం బట్టి కూడా మాట మారుతుంది. భోజనాల దగ్గర సాంబారు ఒలికి చీర పాడైతే అది మిస్‌హ్యాప్. 'ఎస్', 'హెచ్' పక్కపక్కన ఉన్నాయని 'మిషాప్' అని పలకొద్దు, మిస్, హ్యాప్ విడివిడిగా పలకాలి. మన పేపర్లు మనుషులు చనిపోయిన ప్రమాదాన్ని కూడా 'రోడ్ మిస్‌హ్యాప్' అని రాస్తుంటాయి. బయటి దేశాల్లో ఆ మాట వింటే చిన్న విషయమే అనుకుంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన లాంటిది డిజాస్టర్. అది వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ మాట పుట్టుక మనకు ఇట్టే అర్థమవుతుంది: చెడు నక్షత్రం. గ్రహచారం బాగోలేదని మనం అన్నట్టే. అంతకన్నా పెద్ద మాట కటాస్ట్రఫీ. నాలుగు అక్షరాలుగా పలకాలి, ఒత్తు 'టా' మీద పడాలి. 'కెటాస్ట్రోఫ్' కాదు.

దురదృష్టానికి మామూలు మాట బ్యాడ్ లక్. దాని ముందు 'ఎ' రాదు, ఎందుకంటే లక్‌ను లెక్కపెట్టలేం. "వాట్ ఎ బ్యాడ్ లక్" తప్పు, "వాట్ బ్యాడ్ లక్" సరైనది. ఓడినవాళ్లను ఓదార్చడానికి "హార్డ్ లక్" అంటారు. ఇల్లు కాలిపోవడం, అయినవాళ్లు పోవడం లాంటి పెద్ద కష్టానికి బ్యాడ్ లక్ చాలదు, అక్కడ మిస్‌ఫార్చ్యూన్ అనాలి.

ఈ పాఠంలో ఎక్కువసేపు కూర్చోవాల్సింది 'సిగ్గు' దగ్గర. కొత్తవాళ్ల ముందు నోరు పెగలకపోతే షై. మీటింగులో ఫోను గట్టిగా మోగి అందరూ తిరిగి చూస్తే ఎంబరాస్డ్. అమ్మతో అబద్ధం చెప్పి, తప్పు చేశానని లోపల కుమిలిపోతే అషేమ్డ్. "ఐ యామ్ షేమ్" అనేది ఎక్కడా లేదు. "షేమ్ ఆన్ యు" అంటే సిగ్గు లేదూ అని తిట్టు. "వాట్ ఎ షేమ్" తిట్టు కాదు, 'అయ్యో పాపం' అని. రైలు తప్పిపోయిందని చెప్పినప్పుడు ఎదుటివాళ్లు ఆ మాట అంటే మిమ్మల్ని తప్పుపడుతున్నారనుకోకండి.

పరువు పోవడానికి డిస్‌గ్రేస్. బయటపడిన వ్యవహారం స్కాండల్, దానివల్ల మనిషికి పట్టే స్థితి డిస్‌గ్రేస్. 1972 జూన్ 17న అమెరికాలో ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో చొరబడినవాళ్లు దొరికిపోవడంతో మొదలైన వాటర్‌గేట్ వ్యవహారం స్కాండల్. 1974 ఆగస్టు 9న అధ్యక్షుడు నిక్సన్ పదవి వదిలి వెళ్లిన తీరు 'ఇన్ డిస్‌గ్రేస్'. సిగ్గుచేటైన పని డిస్‌గ్రేస్‌ఫుల్, పరువు పోగొట్టుకున్న మనిషి డిస్‌గ్రేస్డ్. ఈ రెండింటినీ తారుమారు చేయొద్దు. కుటుంబానికి తలవంపులు తెచ్చాడనడానికి "హి బ్రాట్ డిస్‌గ్రేస్ ఆన్ హిజ్ ఫ్యామిలీ". ఇన్‌ఫమస్ అంటే పేరులేనివాడు కాదు, చెడ్డపేరు మోసినవాడు. ఒత్తు మొదటి అక్షరం మీద, 'ఇన్‌ఫేమస్' అని సాగదీయకూడదు.

కింది వాక్యాల్లో ఇంగ్లిష్ భాగాన్ని ఒక కాగితంతో కప్పి ముందు మీరే ఇంగ్లిష్‌లో చెప్పండి, తర్వాత సరిచూసుకోండి.

పొరపాటున నీ నంబరు డిలీట్ చేశాను. – ఐ డిలీటెడ్ యువర్ నంబర్ బై యాక్సిడెంట్.

ఎవరూ చనిపోలేదు, 8 మందికి దెబ్బలు తగిలాయి. – నో వన్ వజ్ కిల్డ్, బట్ ఎయిట్ పీపుల్ వర్ ఇంజ్యూర్డ్.

పాపం, నీకు సెలవు దొరకలేదా! – వాట్ ఎ షేమ్ యు కుడంట్ గెట్ లీవ్!

అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను. – ఐ యామ్ అషేమ్డ్ ఆఫ్ లైయింగ్.

వచ్చే పాఠం: పోలీస్ స్టేషన్‌లో, ఇన్సూరెన్స్ ఆఫీసులో ప్రమాదం గురించి రాసిచ్చే కాగితం.