చలికాలం మ్యాచ్‌కి బయల్దేరే ముందు

అమెరికాలో యూఎస్‌పీఎస్‌ఏ (అక్కడి ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పిస్టల్ మ్యాచ్‌లకు వెళ్లే మనవాళ్ల కోసం ఇది. కళ్లకూ చెవులకూ రక్షణ ఎలాగూ మర్చిపోరు, అవి రాయడం లేదు.

– ఇంట్లో నింపుకునే తూటాలైతే, గుండు కూర్చోబెట్టే ముందు ప్రతి కేసులోకీ (మందు పోసే గొట్టం) లైటు వేసి చూడండి. పేలుడు మందు రెండుసార్లు పడితే తుపాకీ చేతిలోనే పగిలిపోవచ్చు. అసలు పడకపోతే ఇంకా మోసం: ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) బలానికే గుండు బ్యారెల్లోకి దూరి ఇరుక్కుంటుంది. ‘టప్’మని నీరసంగా చప్పుడొస్తే టైమర్ నడుస్తున్నా ఆగిపోండి. దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. నాకోసారి ఇలాగే ఇరుక్కుంది. ట్రిగర్ మీంచి వేలు తీసిన ఆ అరక్షణం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

– ట్రిగర్ తేలిక చేశారా? ముందురోజు రాత్రి మాత్రం ముట్టుకోకండి. వారం ముందే చేసి, కనీసం వంద తూటాలు కాల్చి చూడండి. ఒక్క నొక్కుకు రెండు పేలితే ఆ తుపాకీ మ్యాచ్‌కి పనికిరాదు.

– వేగం చలిలోనే కొలవండి. కొన్ని రకాల మందు చలికి నెమ్మదిస్తుంది. 147 గ్రెయిన్ల గుండు సెకనుకు 850 అడుగులు పోతే పవర్ ఫ్యాక్టర్ (గ్రెయిన్లలో బరువు × వేగం ÷ 1000) 124.95. మైనర్‌కి, అంటే కనీస స్థాయికి, 125 కావాలి. ఆ కాస్త తేడాకే రోజంతా స్కోరు సున్నా.

– బ్యారెల్ విప్పి ప్రతి తూటా వేసి చూడండి. టక్కున పడాలి, తిరగేస్తే తనే జారాలి.

– సేఫ్టీ ఏరియాలో (ఖాళీ తుపాకీ తీసి సర్దుకునే చోటు) తూటా చేత్తో పట్టుకోవద్దు, డమ్మీ అయినా సరే. నేరుగా డీక్యూ, అంటే మ్యాచ్ నుంచి అవుట్.