పాము నోట్లో పడ్డాకే డిక్షనరీ

డిప్లొమా మొదటి సంవత్సరం పిల్లలకు పైథాన్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ చెబుతాను. ఫ్యాక్టోరియల్, ప్రైమ్ నంబర్ ప్రోగ్రాములు ఎలాగూ చేయిస్తాను, కానీ వాటితో మొదలుపెట్టను. మొదటిది నంబర్ కనిపెట్టే ఆట.

ముందు మానిటర్లు ఆపించండి. 1 నుంచి 100 లోపు ఒక నంబర్ అనుకుని, వాళ్లు అడిగిన ప్రతిసారీ "ఇంకా పెద్దది", "ఇంకా చిన్నది" అని మాత్రం చెప్పండి. ఎవరో ఒకరు 50తో మొదలుపెట్టి సగం సగం కోసుకుంటూ వస్తారు. అలా వస్తే 7 ప్రయత్నాలు దాటవు. "1000 వరకైతే?" అని అడిగి ఊరుకోండి. 10 చాలని వాళ్లే లెక్క తేలుస్తారు. బైనరీ సెర్చ్ అనే పేరు తర్వాతైనా చెప్పుకోవచ్చు.

ఇక కోడ్. ఇన్‌పుట్ ఇచ్చేది స్ట్రింగ్ అని, అంటే 50 కొట్టినా అది అంకె కాదు, అక్షరాల వరుసే అని ముందే చెప్పేయకండి. పెద్దదా చిన్నదా అని పోల్చే లైన్ దగ్గర టైప్ ఎర్రర్ వస్తుంది. దాని చివరి లైన్ పైకి చదివించండి. సమానమా అని మాత్రమే పోల్చినవాళ్లకు ఎర్రరే రాదు. సరైన నంబర్ కొట్టినా గెలవరు, తల పట్టుకుంటారు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

రెండో ఆట వైకుంఠపాళి. బొమ్మలేమీ వద్దు, "మీరు 34లో ఉన్నారు" అని ప్రింట్ అయితే చాలు. బొమ్మలతో ఆటలు చేసే పైగేమ్ జోలికి ఇప్పుడే వెళ్తే పీరియడంతా రంగులకే పోతుంది. ఒక్కో పాముకూ ఒక్కో ఇఫ్ (ఈ గడిలో ఉంటే ఆ గడికి దిగు అనే షరతు) రాయనివ్వండి. ఐదో పాము దగ్గరికి వచ్చేసరికి "ఇన్ని ఇఫ్‌లా మేడం?" అంటారు. డిక్షనరీకి, అంటే కీ ఇస్తే దానికి జత చేసిన వాల్యూ తెచ్చిచ్చే పట్టికకు, సమయం అదే. పాము తల ఉన్న గడి కీ, తోక ఉన్న గడి వాల్యూ. నిచ్చెనకు అడుగు కీ, పైకొస వాల్యూ. పాములూ నిచ్చెనలూ ఒకే డిక్షనరీలో పట్టేస్తాయి, ఇఫ్‌లన్నీ పోయి, గెట్‌తో డిక్షనరీలో గడిని వెతికే ఒక్క లైన్ మిగులుతుంది.

98లో ఉన్నవాడికి 5 పడితే కదలాలా, ఆగాలా? ఇంటికో రూలు ఉంటుంది, గొడవ పడనివ్వండి. తేలిన రూలు కామెంట్‌గా రాశాకే కోడ్ ముట్టుకోవాలి. పందెం ర్యాండింట్‌తో (ఇచ్చిన హద్దుల్లో ఏదో ఒక అంకె తీసిచ్చే ఫంక్షన్) వేయించండి, 1, 6 ఇస్తే 6 కూడా పడుతుంది. అదే 1, 6 రేంజ్‌కి ఇస్తే 5 దగ్గరే ఆగిపోతుంది.

మార్కులు ప్రోగ్రాం ఆడినందుకు కాదు. "6 పడితే ఇంకో పందెం" అనే రూలు మీ ఎదుటే చేర్చమనండి. పక్కవాడిది కాపీ కొట్టినవాడు ఏ లైన్ దగ్గర చెయ్యి పెట్టాలో తెలియక మౌస్ తిప్పుతూ కూర్చుంటాడు.