డబ్బా మొత్తం వంపేయకండి: ఇంట్లో బండికి ఆయిల్ లెవెల్ చూసుకోవడం

ఇంట్లో ఇంజిన్ ఆయిల్ మార్చడం పెద్ద విద్యేం కాదు. డ్రైన్ బోల్టు విప్పాలి, పాత ఆయిల్ కింద పెట్టిన తట్టలోకి వదలాలి, బోల్టు వాషర్ చూసుకుని బిగించాలి, కొత్తది పోయాలి. తేడా కొట్టేదల్లా ఎంత పోయాలన్న దగ్గరే. మొదటిసారి నా పాత స్ప్లెండర్‌కి లీటరు డబ్బా కొని, డబ్బులు పెట్టి కొన్నది మిగల్చడం ఎందుకని చివరి చుక్క దాకా వంపేశాను. వారం తిరిగేసరికి సైలెన్సర్‌లోంచి పొగ, పికప్ లేదు, ఎయిర్ ఫిల్టర్ బాక్సు విప్పి చూస్తే అడుగున ఆయిల్ మడుగు కట్టి ఉంది.

జరిగిందేమిటంటే, ఆయిల్ మరీ ఎక్కువైతే తిరిగే క్రాంక్ (పిస్టన్‌కి తగిలించి ఉండే ఇరుసు) దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. నురగెత్తిన ఆయిల్‌ని పంపు సరిగ్గా లాగలేదు, పైగా అది ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఎయిర్ బాక్సులోకి ఎగదన్నుతుంది. తక్కువైతే ఇంకా ఘోరం, పైన హెడ్‌లో ఉన్న రాకర్లు, క్యామ్ (వాల్వుల్ని తెరిచి మూసే భాగాలు) ఎండిపోయి అరిగిపోతాయి.

మాన్యువల్ తీస్తే ఆయిల్ దగ్గర రెండు అంకెలు కనిపిస్తాయి, ఒకటి ఆయిల్ వదిలేసి మార్చినప్పటికి, రెండోది ఇంజిన్ మొత్తం విప్పి బిగించినప్పటికి. మనకి కావాల్సింది మొదటిది, తక్కువ ఉన్నది. ఎంతసేపు వదిలినా మూలల్లో కొంత పాత ఆయిల్ మిగిలే ఉంటుంది కాబట్టి. నేనైతే ఆ అంకెకి కూడా ఓ 100 మి.లీ. తగ్గించి పోసి, లెవెల్ చూసుకుంటూ కొద్దికొద్దిగా కలుపుతాను. (కారు ఆయిల్ మిగిలింది కదా అని మాత్రం పోయకండి, క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, జారిపోతుంది. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 అని ఉండాలి, ఇలాంటి క్లచ్‌కి పనికొస్తుందని దాని గుర్తు.)

అసలు పొరపాటు చూడటంలోనే ఉంది. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి వాలుతుంది, స్ప్లెండర్‌లో డిప్‌స్టిక్ కుడివైపు ఉంటుంది, ఆయిలంతా ఎడమకి జరిగిపోయి ఆ కొలిచే పుల్లకి తక్కువ అంటుతుంది. "అయ్యో, తగ్గిపోయిందే" అని ఇంకాస్త పోస్తాం. అందుకే చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి, ఇంజిన్ ఓ 3 నుంచి 5 నిమిషాలు ఐడిల్‌లో తిప్పి ఆపేయండి, ఇంకో 2, 3 నిమిషాలు ఆగితే పైకెక్కిన ఆయిల్ కిందికి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి, తీసి చూడండి. హీరో, హోండా బళ్లలో పెట్టేటప్పుడు మరలు తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించాలి. తిప్పేస్తే పుల్ల ఇంకా లోపలికి దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. వేరే కంపెనీ అయితే ఒక్కసారి మాన్యువల్ చూడండి, పద్ధతి అన్నిటికీ ఒకటి కాదు.

పల్సర్ 150, క్లాసిక్ 350 లాంటి వాటికి గాజు కిటికీ ఉంటుంది, రెండు గీతల మధ్య ఉంటే చాలు. సెంటర్ స్టాండ్ లేని డ్యూక్ లాంటి బండికి ఇంట్లో ఎవరినైనా ఎక్కించి నిటారుగా పట్టుకోమనండి, మీరు కింద కూర్చుని చూడండి. ఎక్కువైపోయిందా? మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి కొని, సన్నటి సెలైన్ పైపు ముక్క తగిలించి, పోసే రంధ్రంలోంచే లాగేయండి. బోల్టు మళ్లీ విప్పక్కర్లేదు.

డిస్క్ బ్రేకు ఉన్న బళ్లలో బ్రేక్ ఆయిల్ సంగతి వేరు. తగ్గిందనగానే నింపేయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. మీరు పైదాకా నింపేస్తే రేపు కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు లోపలికి నొక్కినప్పుడు అంతా పొంగి ట్యాంకు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. కాబట్టి ముందు ప్యాడ్లు చూడండి, హ్యాండిల్ తిప్పి దాని మీదున్న బ్రేక్ ఆయిల్ డబ్బా సమంగా ఉండేలా చేసి, లోయర్ గీత కంటే పైనే ఉంటే వదిలేయండి. ప్యాడ్లు కొత్తవై ఉండి కూడా తగ్గుతుంటే ఎక్కడో లీకేజీ, ఆ బండి ఎక్కకండి.

కూలెంట్ ఉన్న బళ్లకి ఇంజిన్ పూర్తిగా చల్లారాక రిజర్వ్ ట్యాంకులో రెండు గీతల మధ్య చూసుకుంటే సరి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, బోరు నీళ్లు పోయొద్దు, లోపల సున్నం పేరుకుంటుంది.

పని అయ్యాక ఎన్ని మి.లీ. పట్టిందో, ఆ రోజు మీటరెంతో సైడ్ ప్యానెల్ లోపలివైపు మార్కర్‌తో రాసి పెడతాను. పాత ఆయిల్ ఖాళీ డబ్బాలో పోసి వీధి చివర మెకానిక్‌కి ఇచ్చేస్తే ఆయనే తీసుకుంటాడు, కాలవలో మాత్రం పోయకండి.