మీటింగుకూ మీటింగుకూ నడుమ ఒక్క నిమిషం

ఒక మీటింగులో రేగిన చిరాకు, తరువాతి మీటింగులో దానితో ఏ సంబంధమూ లేని మనిషి మీద పడటం బృందాన్ని నడిపే వారందరికీ తెలిసిన ఇబ్బందే. దీనికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది.

ముందుగా అరగంట మీటింగును 25 నిమిషాలకు, గంట మీటింగును 50 నిమిషాలకు కుదించుకోండి; గూగుల్ క్యాలెండర్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ ఇందుకు సెట్టింగ్ ఉంది కనుక ప్రతిసారీ గుర్తుపెట్టుకోనక్కరలేదు. అలా మిగిలిన వ్యవధిలో ఫోను బోర్లా పెట్టి, పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చుని, 4 సెకన్లు ముక్కుతో గాలి పీల్చి, 6 సెకన్లు నెమ్మదిగా వదలండి. ఇలా 6 సార్లు చేస్తే ఒక నిమిషం అవుతుంది. వదలడం పీల్చడం కంటే ఎక్కువసేపు సాగాలి, ఎందుకంటే గుండె వేగం నెమ్మదించేది ఊపిరి వదిలేటప్పుడే.

ఆ తరువాత, రాబోయే వ్యక్తికి మీ నుంచి కావలసింది నిర్ణయమా, సలహానా, లేక తన మాట వినడమా అన్నది నోట్‌బుక్‌లో ఒక్క వాక్యంగా రాసుకుని, వారు వచ్చాక మొదటి 2 నిమిషాలు అడ్డు తగలకుండా మాట్లాడనివ్వండి. నా దృష్టిలో శ్వాస కంటే ఎక్కువ మేలు చేసేది ఈ వాక్యమే, అందుకే సమయం చాలని రోజున కూడా దీన్ని వదలకూడదు.

అయితే చిరాకుకు అసలు కారణం సిబ్బంది కొరతో, అసాధ్యమైన గడువో అయినప్పుడు ఇది పనిచేయదు. అప్పుడు పై అధికారితో గడువు గురించి మాట్లాడాలి తప్ప, బృందాన్ని ఊపిరి లెక్కపెట్టుకోమనడం వారికి అన్యాయం చేయడమే.