దోనె గెడ ఎక్కడ పాడవుతుంది, ఎప్పుడు మార్చాలి

కొల్లేరు లంకల్లో తాటి దోనెల చోటికి ఫైబర్ పడవలు, ఇనప పడవలు వచ్చాయి. అయినా లోతు తక్కువ నీళ్లలో, చేపల చెరువుల్లో మేత వేసేటప్పుడు, చాలామంది చేతిలో ఉండేది, నేలకు ఆనించి పడవను నెట్టే వెదురు గెడే. మనం బలంగా నెట్టినందుకు అది విరగడం అరుదు. ముందే పాడైన చోట విరుగుతుంది. ఆ చోట్లు రెండు: బురదలో దిగే అడుగు, తడుస్తూ ఆరుతూ ఉండే నీటిగీత.

కొనేటప్పుడు పొడవు ముందు చూసుకోండి. 4 అడుగుల నీళ్లకు 12 అడుగుల గెడ చాలు. 6 అడుగులుంటే 15 కావాలి, ఎందుకంటే బురదలో దిగేదీ, నిలబడి పట్టుకునే ఎత్తూ కలుపుకోవాలి. మొదలు దగ్గర లావు 2 అంగుళాలకు మించితే చేతులు నొప్పి పుడతాయి. లోపల గుల్ల తక్కువగా, కణుపులు దగ్గరగా ఉన్నది ఏరుకోండి. నిగనిగలాడే పచ్చ వెదురు లేతది, ఎండితే ముడుచుకుని చీలుతుంది. మూడేళ్లు దాటిన బొంగు మీద మెరుపు తగ్గి, బూడిద రంగు మచ్చలుంటాయి. వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి పుష్యం లోపు కొట్టినదైతే మేలు. అప్పుడు బొంగులో పిండి తక్కువ, పుచ్చు పురుగుకు మేత తక్కువ.

పచ్చి బొంగు తెచ్చాక నాలుగు వారాలు కాలవ నీళ్లలో, బరువు పెట్టి ముంచండి. తర్వాత నీడలో నిలబెట్టి మరో నెల ఆరనివ్వండి. బోరాక్స్ మందు పెట్టమని చెప్పేవాళ్లుంటారు. ఇంటి వాసాలకు మంచిదే, కానీ నీళ్లలో నానే గెడ నుంచి ఆ మందు కడుక్కుపోతుంది. దానికి బదులు అడుగు నుంచి నీటిగీతకు ఒక అడుగు పైదాకా, పడవలకు పూసే జీడిపిక్కల పెంకు నూనె రెండు పూతలు వేయండి. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చేతులకు తొడుగులు తప్పనిసరి. పట్టుకునే చోట పూయకండి.

అసలు పనంతా అడుగులోనే ఉంది. లావు కొసే కిందికి రావాలి. కణుపు కింద ఒక అంగుళం వదిలి రంపంతో కోయండి. కణుపు లోపలి అడ్డుగోడ నీరూ బురదా పైకెక్కకుండా ఆపుతుంది. కణుపుల మధ్య కోస్తే గొట్టం బురదతో నిండుతుంది, నాలుగు రోజులకే అంచు చీలుతుంది. అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, కణుపుకు పైన 4 అంగుళాల మేర నైలాన్ తాడు బిగువుగా చుట్టండి. మేకు కొట్టకండి, చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. పులికాట్ లాంటి ఇసుక, గుల్లల నేలలో అడుగుకు తొడిగే ఇనప పొన్ను పనికొస్తుంది. కొల్లేరు బురదకు అది అనవసరం, లోపల తడి నిలిచి కనబడకుండానే కుళ్లుతుంది. మెత్తటి బురదలో గెడ మరీ దిగిపోతుంటే అడుగు నుంచి ఒక జానెడు పైన 8 అంగుళాల అడ్డకర్ర కట్టండి.

దిగబడిన గెడను పక్కకు లాగితే విరుగుతుంది. మెలితిప్పి, నిటారుగా పైకి తీయాలి. రాకపోతే వదిలేయండి, దాన్ని పట్టుకు వేలాడితే పడవ ముందుకు, మనిషి నీళ్లలోకి. పని అయ్యాక గెడను బురదలో పాతి వదలొద్దు, ఎండలోనూ పడేయొద్దు. నీడలో మూడు చోట్ల ఆసరా ఇచ్చి అడ్డంగా పెట్టండి. రెండు చోట్లే ఇస్తే నడుము వంగుతుంది.

పదిహేను రోజులకోసారి రెండు కొసలూ ఇటుకల మీద పెట్టి, మధ్యలో మోకాలితో నొక్కి చూడండి. చిటపటమంటే పక్కన పెట్టండి. కణుపును దాటి రెండో గదిలోకి పాకిన చీలిక, సూదిబెజ్జాల నుంచి రాలే పసుప్పచ్చటి పొడి, నీటిగీత దగ్గర గోరు దిగేంత మెత్తదనం, ఈ మూడింట్లో ఏది కనబడినా మార్చాల్సిందే. అడుగు మాత్రమే చీలితే పై కణుపు దాకా కోసి మళ్లీ కట్టుకోవచ్చు. అలా కోసుకుంటూ మొత్తం అడుగున్నర తగ్గితే ఆ గెడ లోతు నీళ్లకు పనికిరాదు, వలల ఊతకర్రలకు వాడుకోండి. పడవలో ఎప్పుడూ రెండో గెడ ఉండాలి.

వెదురు దొరక్క జి.ఐ. (జింకు పూత ఇనుము) పైపు వాడేవాళ్లున్నారు. బరువు, చేయి జారితే మునిగిపోతుంది. పైగా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కేబుళ్లూ, గట్టు మీద కరెంటు తీగలూ ఉన్న చెరువులో లోహపు గొట్టం ఎత్తడం ప్రాణాల మీదికి వస్తుంది. తడిసిన వెదురుకూ కరెంటు పారుతుంది, కాబట్టి తీగల కింద ఏ గెడనూ నిటారుగా ఎత్తొద్దు.